ఇంట్లో అతిథి గది: తలుపు తెరిచే ముందు చూడవలసిన నియమాలు



మన ఊళ్లలో ఒకప్పుడు పూటకూళ్ల ఇళ్లు ఉండేవి. ఊరికి పని మీద వచ్చినవారు అక్కడ పూట భోజనం చేసి, అరుగు మీద నడుం వాల్చి, డబ్బు ఇచ్చి వెళ్లేవారు. ఇల్లు నడిపే ఆమె ఆ ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు మనం 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' అనో, 'హోమ్ స్టే' అనో పిలుస్తున్న వసతికి కూడా మూలసూత్రం అదే. ఇంటివాళ్లు ఇంట్లోనే ఉంటారు. ఒకటి రెండు గదులు అతిథులకు ఇస్తారు, ఉదయం టిఫిన్ పెడతారు.

మీలో కొందరి ఇళ్లలో ఈ ఆలోచన ఇప్పటికే వచ్చి ఉండవచ్చు. పై అంతస్తు ఖాళీగా ఉంది, ఊరు కొండ దగ్గరో, సముద్రం దగ్గరో, గుడి దగ్గరో ఉంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో హోమ్ స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామని ప్రకటించారు కూడా. అందువల్ల "గదికి ఎంత వస్తుంది?", "మంచాలు ఎక్కడ కొనాలి?" అనే ప్రశ్నలు ముందుగా వస్తాయి. నిజానికి వీటన్నిటికంటే ముందు రావలసిన ప్రశ్న ఒకటి ఉంది. "ఈ నేల మీద, ఈ ఇంట్లో, ఈ పని చేయవచ్చా?" ఈ పాఠంలో మనం ఆ ప్రశ్నను ఎవరిని అడగాలో, ఎందుకు అడగాలో తెలుసుకుందాం.

నాతోపాటు పనిచేసిన ఉపాధ్యాయుడు ఒకాయన కొన్నేళ్ల క్రితం పదవీ విరమణ డబ్బుకు తోడు బ్యాంకు అప్పు తీసుకుని, సముద్ర తీరంలోని తన సొంత ఊరిలో ఇంటి వెనుక మూడు గదులు కట్టించారు. బ్యాంకును అడిగారు, మేస్త్రిని అడిగారు, పర్యాటకులను తీసుకువచ్చే ఏజెంటును అడిగారు. ప్రణాళిక కార్యాలయాన్ని మాత్రం అడగలేదు. "సొంత స్థలంలో సొంత ఇల్లు, ఎవరిని అడగాలి?" అన్నారు నాతో. గదులు తెరిచిన మొదటి సంవత్సరంలోనే నోటీసు వచ్చింది. ఆ గదులకు ఇప్పుడు తాళం వేసి ఉంది. నెలనెలా బ్యాంకు వాయిదా మాత్రం కడుతూనే ఉన్నారు. ఆయన తెలివితక్కువవారు కాదు, మోసగాడు అంతకన్నా కాదు. అడగవలసిన ప్రశ్నను ఒక సంవత్సరం ఆలస్యంగా అడిగారు, అంతే.

ఇల్లు ఎప్పుడు వసతి గృహం అవుతుంది?

గోడలు అవే, పైకప్పు అదే. మరి అతిథి రాగానే ఏమి మారుతుంది? మారేది వినియోగం. ప్రణాళికా శాస్త్రంలో ఇది ముఖ్యమైన భావన. 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' అనే మాట వాడుకలోకి వచ్చిన బ్రిటన్‌లో 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టం ఈ భావనకు రూపం ఇచ్చింది. కొత్తగా కట్టడం ఎలాగైతే 'అభివృద్ధి' అవుతుందో, ఉన్న కట్టడపు వినియోగాన్ని గణనీయంగా మార్చడం కూడా అలాగే 'అభివృద్ధి' అవుతుందనీ, దానికి అనుమతి కావాలనీ ఆ చట్టం చెప్పింది. తరువాత 1987లో వచ్చిన ఉత్తర్వు నివాస గృహాలను ఒక తరగతిలోను, హోటళ్లను, అతిథి గృహాలను వేరొక తరగతిలోను ఉంచింది. ఇంట్లో ఒక గది ఇస్తే అది ఇంకా ఇల్లే కావచ్చు. ఆరు గదులు ఇస్తే అది ఇల్లు కాకపోవచ్చు. గీత ఎక్కడ ఉందో స్థానిక ప్రణాళికాధికారిని అడిగి, కావాలంటే వ్రాతపూర్వకమైన ధ్రువపత్రం పొందే అవకాశం అక్కడ ఉంది.

మన దేశంలోనూ ఇలాంటి విభజనే ఉంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ అనే జాతీయ భవన నియమావళి 2016 కూర్పులో, ఒకటి రెండు కుటుంబాలు ఉండే ఇల్లు ఒక ఉపతరగతి, బయటివారికి బస ఇచ్చే లాడ్జింగ్ మరో ఉపతరగతి. రెండూ 'నివాస భవనాలు' అనే పెద్ద వర్గంలోవే. అయినా వాటిని వేరు చేశారు. ఎందుకు?

ఒక ఉదాహరణ చూడండి. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది, వంటింట్లో నుంచి పొగ వస్తోంది అనుకుందాం. మీ ఇంట్లో మెట్లు ఎక్కడున్నాయో మీకు కళ్లు మూసుకున్నా తెలుసు. నిన్న సాయంత్రం వచ్చిన అతిథికి తెలియదు. గడియ ఎటు తిరుగుతుందో తెలియదు. అందుకే బస ఇచ్చే చోట్ల మెట్ల వెడల్పు, బయటికి వెళ్లే దారి, మంటలార్పే పరికరాల విషయంలో నియమాలు కఠినంగా ఉంటాయి. 2019 ఫిబ్రవరి 12న ఢిల్లీలోని కరోల్ బాగ్‌లో ఒక హోటల్‌లో తెల్లవారుజామున జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. నియమం కాగితం మీద చూస్తే విసుగు పుట్టిస్తుంది. అది కాపాడేది మాత్రం మనిషిని.

ఒక లెక్క వేసి చూద్దాం

వినియోగం మారితే నేల మీద భారం ఎంత మారుతుందో లెక్క కట్టవచ్చు. కాగితం, కలం తీసుకోండి.

మన దేశంలో పూర్తి నీటి సరఫరా ఉన్న ఇళ్లకు మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అవసరమని లెక్కిస్తారు. సాధారణ హోటళ్లకు పడకకు 180 లీటర్లు. మీ ఇంట్లో నలుగురు ఉన్నారనుకుందాం.

ఇంటివారి అవసరం: 4 × 135 = 540 లీటర్లు.

ఇప్పుడు ఐదు గదులు అతిథులకు ఇచ్చారు. గదికి రెండు పడకలు. అన్నీ నిండిన రోజున:

అతిథుల అవసరం: 10 × 180 = 1,800 లీటర్లు.

మొత్తం: 2,340 లీటర్లు.

అంటే అదే ఇంటికి నాలుగు రెట్లకు పైగా నీరు కావాలి. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగునీరుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్కిస్తారు. అంటే రోజుకు 432 లీటర్ల మురుగు వచ్చే ఇంటి నుంచి 1,872 లీటర్లు వస్తుంది.

ఇది ఎక్కడికి పోతుంది? భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లలో సెప్టిక్ ట్యాంకులోకి. మీ ట్యాంకులో 1,000 లీటర్ల ద్రవం పడుతుందనీ, ఇంటి మురుగంతా అందులోకే పోతుందనీ అనుకోండి. ఇంతకుముందు నీరు అందులో సుమారు 55 గంటలు నిలిచేది. ఇప్పుడు సుమారు 13 గంటలే నిలుస్తుంది. సెప్టిక్ ట్యాంకు పనిచేసేది నిలకడ వల్లనే. నీరు కదలకుండా ఉంటే బరువైన మలినాలు అడుగుకు చేరతాయి, గాలి అవసరం లేని సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెడతాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల నిలకడ ఉండేట్టుగా ట్యాంకును రూపొందిస్తారు. 13 గంటలకే నీటిని బయటికి నెట్టివేస్తే, పేరుకోని మలినాలు నీటితోపాటే ఇంకుడు గుంతలోకి పోతాయి. గుంత గోడల రంధ్రాలు పూడుకుపోతాయి. ఆ తరువాత మురుగు పైకి పొంగుతుంది, లేదా పక్కింటి బావిలోకి చేరుతుంది.

తాగునీటి వనరుకు ఇంకుడు గుంత కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నది ఇందుకే. మట్టి ఒక వడపోత. ఆ దూరం దాటేలోగా సూక్ష్మజీవులు చాలావరకు మట్టిలో చిక్కుకుపోతాయి, చనిపోతాయి. దూరం తగ్గినా, మురుగు పెరిగినా వడపోత ఓడిపోతుంది. మీ అతిథి ఇచ్చే అద్దె మీకు, ఆ నీటి వల్ల వచ్చే విరేచనాలు పక్కింటి పిల్లలకు. ప్రణాళికా నియమం అడ్డుకోవాలని చూసేది సరిగ్గా ఈ అన్యాయాన్నే.

చూడవలసిన మూడు పొరలు

నియమాలు అనేకం. గుర్తుంచుకోవడానికి వాటిని మూడు పొరలుగా విడదీద్దాం.

మొదటి పొర నేల. మీ స్థలం ఏ జోన్‌లో ఉంది? నగరాలకు, పట్టణాలకు మాస్టర్ ప్లాన్ ఉంటుంది. నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, వ్యవసాయం, పచ్చదనం అని భూమిని విభజించి, ఏ విభాగంలో ఏ పనులు చేయవచ్చో అందులో చెబుతారు. నివాస జోన్‌లో కొన్ని పనులకు నేరుగా, కొన్నింటికి షరతులతో అనుమతి ఉంటుంది. రోడ్డు వెడల్పు కూడా ఇక్కడ ముఖ్యమే. అతిథుల కార్లు నిలిపే చోటు లేని సందులో అంబులెన్సు, ఫైరింజను ఆగిపోతాయి.

రెండవ పొర కట్టడం. మీ ఇంటికి మంజూరైన ప్లాను ఉందా? కట్టినది ప్లాను ప్రకారమే ఉందా? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నారా? రెండంతస్తులకు అనుమతి తీసుకుని మూడవది వేసి ఉంటే, అతిథి గదుల కోసం దరఖాస్తు పెట్టినప్పుడే ఆ విషయం బయటపడుతుంది. అపార్ట్‌మెంటు అయితే సంఘం నియమాలు కూడా చదవాలి.

మూడవ పొర వినియోగం. ఎన్ని గదులు, ఎందరు అతిథులు, ఇంటివారు అక్కడే ఉంటారా అన్నవి ఇక్కడ చూస్తారు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ వర్గీకరణ పథకంలో అతిథి గదులు ఆరుకు మించరాదు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలి. అర్హతను బట్టి గోల్డ్, సిల్వర్ అనే శ్రేణులు ఇస్తారు. దీనితోపాటు రాష్ట్రాల పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి. ఢిల్లీ 2007లో ఇందుకోసం ప్రత్యేక చట్టమే చేసింది. హిమాచల్ ప్రదేశ్ 2008లో హోమ్ స్టే పథకం తెచ్చింది. రాజ్యాంగం ప్రకారం భూమి రాష్ట్ర జాబితాలోని అంశం. భూవినియోగాన్ని, భవన నిర్మాణాన్ని నియంత్రించడం 74వ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించదగినవిగా పేర్కొన్న పనులలో ఒకటి. కాబట్టి కేరళలోని మీ స్నేహితుడికి వర్తించిన నియమం విశాఖపట్నంలో మీకు వర్తించాలని లేదు. ఎవరో చెప్పినది విని పని మొదలుపెట్టకూడదనడానికి ఇదే కారణం.

తీరం, కొండ, ఏజెన్సీ

పర్యాటకులు ఇష్టపడే చోట్లే నేల సున్నితంగా ఉంటుంది. అందువల్ల అక్కడ మొదటి పొర మీద మరికొన్ని నియమాలు వచ్చి చేరతాయి.

సముద్ర తీరం: తీరప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్ మొదట 1991లో వచ్చింది. తరువాత 2011లోను, 2019లోను కొత్తవి వచ్చాయి. గ్రామీణ తీరాన్ని 2019 నోటిఫికేషన్ రెండుగా విభజించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్నచోట పోటు రేఖ నుంచి 50 మీటర్ల వరకు, అంతకన్నా తక్కువ ఉన్నచోట 200 మీటర్ల వరకు 'అభివృద్ధి నిషిద్ధ ప్రాంతం'. అయితే ఆ నోటిఫికేషన్‌కు అనుగుణంగా రాష్ట్రం తయారుచేసిన తీర నిర్వహణ ప్రణాళికకు ఆమోదం లభించిన తరువాతే కొత్త నియమాలు అక్కడ అమలులోకి వస్తాయి. కనుక మీ ఊరికి ఏ పటం అమలులో ఉందో ముందుగా అడగాలి. ఇదే నోటిఫికేషన్‌లో మనకు పనికివచ్చే మరో మాట ఉంది. మత్స్యకారులతో సహా స్థానికులు తమ పాత ఇంట్లోనే, పునాది వైశాల్యం, ఆకృతి, ముఖభాగం మార్చకుండా హోమ్ స్టే నడుపుకోవడానికి అందులో వీలు కల్పించారు. ఉన్న ఇంటిని పంచుకోవడం ఒకటి, కొత్త గదులు కట్టడం మరొకటి అన్న తేడా మీకు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కొండ: ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాల మీద ఏర్పడిన పట్టణం. అక్కడ భారీ నిర్మాణాలు తగవని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. అయినా కట్టడాలు పెరిగాయి. 2023 జనవరిలో ఇళ్లు బీటలు వారాయి, కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. ఒకదానిపై ఒకటి వాలిన రెండు హోటళ్లను విప్పివేయవలసి వచ్చింది. నేల కుంగడానికి నిపుణులు చెప్పిన కారణాలలో మురుగునీరు నేలలోకి ఇంకడం కూడా ఉంది. మనం ఇందాక వేసిన లెక్క గుర్తుకు వచ్చిందా? ఒక్క ఇంటి 1,872 లీటర్లు చిన్న విషయమే. వాలు మీద వందల ఇళ్లు కలిస్తే అది చిన్న విషయం కాదు. తడిసిన మట్టి బరువెక్కుతుంది, రేణువుల మధ్య పట్టు తగ్గుతుంది.

ఏజెన్సీ ప్రాంతం: అరకు లోయలో ఒక ఇల్లు తీసుకుని అతిథి గృహం నడపాలనుకునేవారు 1/70గా పేరుపడిన నిబంధనను తప్పక తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీని అది నిషేధిస్తుంది. బదిలీ అంటే అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు కూడా అందులోకి వస్తాయి. స్థానిక గిరిజన కుటుంబం తన సొంత ఇంట్లో అతిథులను ఉంచుకోవడం వేరు, బయటివారు ఆ కుటుంబం పేరు ముందు పెట్టుకుని వ్యాపారం చేయడం వేరు. భూమి చేజారిపోకుండా కాపాడే నియమాన్ని 'అడ్డంకి' అనే ముందు, అది ఎవరికి అండగా ఉందో ఆలోచించండి.

ఒక అనుమతి మరొకదానికి బదులు కాదు

"పంచాయతీ సంతకం ఉంది కదా, ఇంకేం కావాలి?" అనేవారు చాలామంది. కొచ్చి దగ్గర మరడు ఉదంతం వారికి సమాధానం. అక్కడి అపార్ట్‌మెంట్లకు 2006లో స్థానిక పంచాయతీ అనుమతులు ఇచ్చింది. తీరప్రాంత నిర్వహణ సంస్థ సమ్మతి మాత్రం లేదు. 2019 మేలో సుప్రీంకోర్టు వాటిని కూల్చివేయాలని ఆదేశించింది. 2020 జనవరి 11, 12 తేదీలలో నాలుగు సముదాయాలను పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. ఫ్లాట్లు కొన్నవారికి మధ్యంతర పరిహారంగా 25 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని కోర్టు చెప్పింది. డబ్బు కొంత తిరిగి వస్తుంది. ఇల్లు రాదు.

ఇవి పెద్ద భవనాలు. మన చర్చ రెండు మూడు గదుల ఇంటి గురించి. అయినా సూత్రం ఒకటే. పర్యాటక శాఖ ఇచ్చే శ్రేణి భవన అనుమతి కాదు. భవన అనుమతి తీరప్రాంత సమ్మతి కాదు. బ్యాంకు రుణం ఇచ్చిందంటే నియమాలు సరిపోయాయని అర్థం కాదు. ఒక్కొక్క సంస్థ తనకు సంబంధించిన ఒక్క ప్రశ్ననే పరీక్షిస్తుంది.

ఎవరిని, ఏ వరుసలో అడగాలి?

ఖర్చు మొదలుపెట్టక ముందే ఈ వరుస పాటించమని మీ ఇంట్లో చెప్పండి.

1. ఇంటి దస్తావేజు, సర్వే నంబరు, మంజూరైన ప్లాను ఒకచోట చేర్చండి.

2. పురపాలక సంఘం లేదా పట్టణాభివృద్ధి సంస్థలోని పట్టణ ప్రణాళిక విభాగానికి వెళ్లి, ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో అడగండి. భూవినియోగ ధ్రువపత్రం తీసుకోండి. గ్రామమైతే పంచాయతీతో ప్రారంభించండి.

3. తీరం, అడవి, చెరువు, వారసత్వ కట్టడం, షెడ్యూల్డ్ ప్రాంతం వీటిలో ఏదైనా దగ్గరలో ఉంటే దానికి సంబంధించిన సంస్థను విడిగా అడగండి.

4. "ఇన్ని గదులు, ఇందరు అతిథులు, మేము ఇక్కడే ఉంటాము. వినియోగ మార్పిడి అనుమతి కావాలా?" అని వ్రాతపూర్వకంగా అడగండి. సమాధానం కూడా వ్రాతపూర్వకంగానే తీసుకోండి. కౌంటరు దగ్గర నోటితో చెప్పిన మాట రేపు నోటీసు వచ్చినప్పుడు నిలబడదు. సమాచారం ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

5. నీరు, మురుగు, మెట్లు, విద్యుత్ తీగల సామర్థ్యాన్ని అర్హత గల ఇంజనీరు చేత పరీక్ష చేయించండి.

6. ఇవన్నీ సరిపోయిన తరువాతే పర్యాటక శాఖ నమోదు, టిఫిన్ పెట్టడానికి ఆహార భద్రత చట్టం కింద నమోదు, విద్యుత్ కేటగిరీ, ఆస్తి పన్ను, అగ్నిమాపక నిబంధనల సంగతి చూడండి. విదేశీ అతిథి బస చేస్తే 24 గంటల లోపు ఆ వివరాలను నమోదు అధికారికి తెలియజేయాలని కూడా గుర్తుంచుకోండి.

7. మంచాలు, పరుపులు చివర కొనండి.

ఈ వరుసలో ఏదో ఒక మెట్టు దగ్గర "కుదరదు" అనే జవాబు రావచ్చు. నిరాశ కలుగుతుంది, నిజమే. అయినా ఆ జవాబుకు అప్పటికి మీరు చెల్లించిన ధర నాలుగు దరఖాస్తుల ఖర్చు, కొన్ని వారాల తిరుగుడు. అదే జవాబు గదులు కట్టిన తరువాత వస్తే దాని ధర మీ నాన్నగారి పదవీ విరమణ డబ్బు కావచ్చు.

సారాంశం

ఇంట్లో డబ్బు తీసుకుని అతిథులను ఉంచుకోవడం మొదలుపెడితే భవనపు వినియోగం మారే అవకాశం ఉంది. వినియోగం మారితే నీరు, మురుగు, వాహనాలు, అగ్నిభద్రత అన్నింటి మీద భారం మారుతుంది. ప్రణాళికా నియమం ఆ భారాన్ని నేల మోయగలదా, ఇరుగుపొరుగు భరించగలరా అని ముందుగా అడుగుతుంది. నేల, కట్టడం, వినియోగం అనే మూడు పొరలనూ విడివిడిగా చూడాలి. ఒక సంస్థ అనుమతి మరొక సంస్థ అనుమతికి బదులు కాదు. అడగవలసినది ఖర్చుకు ముందు, తీసుకోవలసినది వ్రాతపూర్వకమైన జవాబు.

చేసి చూడండి

1. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు పొడవు, వెడల్పు, ద్రవపు లోతు పెద్దలను అడిగి తెలుసుకోండి. మూత తెరిచి లోపలికి వంగకండి, అందులోని వాయువులు ప్రాణాంతకం. ఇప్పుడున్నవారికి ఎన్ని గంటల నిలకడ వస్తుంది? ఆరుగురు అతిథులు వస్తే ఎంత అవుతుంది?

2. మీ ఇంకుడు గుంతకు, దగ్గరలోని బావి లేదా బోరుకు మధ్య దూరం కొలవండి. 18 మీటర్లు ఉందా?

3. మీ పట్టణపు మాస్టర్ ప్లాన్ పటంలో మీ వీధిని గుర్తించండి. అది ఏ జోన్? అందులో అతిథి గృహానికి అనుమతి ఉందా, ఉంటే ఏ షరతులతో? మీరు కనుగొన్నది తరగతిలో చెప్పండి. మీ వీధిలో ఎవరో ఒకరు అప్పటికే మంచాలకు బేరం ఆడుతూ ఉండవచ్చు.